నేల మీదా నీటి మీదా దిగే అల్ట్రాలైట్ బైప్లేన్: చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సొంతంగా కట్టుకునేవారు దేన్ని ఎంచుకోవాలి?

నీటి మీద దిగే చిన్న విమానాన్ని సొంత చేతులతో కట్టుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు రెక్కల గురించీ ఇంజన్ గురించీ అడుగుతారు. మన ప్రాంతంలో అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఏడాదిలో ఎన్ని నెలలు నీళ్లుంటాయి? ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసిన సంవత్సరంలో కూడా పిచ్చాటూరు దగ్గరి అరణియార్ వంటి జలాశయాలూ పెద్ద చెరువులూ నిండుగా కనిపించేది నవంబర్ నుంచి ఫిబ్రవరి, మహా అయితే మార్చి దాకానే. ఆ తర్వాత నీరు వెనక్కి తగ్గి ఒండ్రు, రాళ్లు, సర్కారు తుమ్మ మోళ్లు బయటపడతాయి. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే తప్ప నీరు కనిపించదు. కాబట్టి ఇక్కడ కట్టే ఉభయచర విమానం ఏడాదిలో సగానికి పైగా నేల విమానంగానే బతకాలి. కింద పోల్చిన నాలుగు మార్గాలనూ నేను ఈ లెక్క మనసులో పెట్టుకునే తూచాను.

మొదటి మార్గం, ఈ వ్యాసానికి కేంద్రమైనది, పడవ ఆకారపు హల్ (నీటిపై తేలే విమానపు మొండెం) ఉన్న బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న విమానం. ఫ్రాన్స్‌లో క్లోద్ టిసరాన్ 1983లో ఒక సీటు హైడ్రోప్లమ్‌నూ, 1986లో రెండు సీట్ల హైడ్రోప్లమ్ 2నూ ఎగరేశారు. ఈ రెండో రూపాన్నే ఒక ఫ్రెంచ్ సంస్థ కాంపోజిట్ పదార్థాలతో (గ్లాస్ గుడ్డ, రెసిన్ వంటివి కలిపినవాటితో) మార్చి పెట్రెల్ పేరుతో ఔత్సాహికులకు కిట్‌గా, అంటే సొంతంగా బిగించుకునే విడిభాగాలుగా, అమ్మింది. తర్వాత అది బ్రెజిల్‌కు చేరి సూపర్ పెట్రెల్‌గా ఎదిగింది. సూపర్ పెట్రెల్ ఎల్‌ఎస్ గరిష్ఠ బరువు 600 కిలోలు, ఇంజన్ 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912. రెండో మార్గం సీరే అనే విమానం. అమెరికాలోని ఫ్లోరిడాలో 1992లో తొలిసారి ఎగిరిన ఈ విమానానికి రెక్కలు ఒకే వరుసలో, హల్ పైన ఉంటాయి. ఇదీ కిట్ విమానమే, తోకచక్రంతో నడుస్తుంది. మూడోది కేవలం నక్షాలు కొనుక్కుని చెక్కతో కట్టే పద్ధతి. వోల్మర్ జెన్సన్ రూపొందించి 1958 డిసెంబర్‌లో ఎగరేసిన వీజే-22 స్పోర్ట్స్‌మన్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. నాలుగోది మామూలు నేల బైప్లేన్‌ను కట్టి దానికి ఫ్లోట్లు (నీటిపై తేలే డొల్ల తొట్లు) తగిలించడం. కెనడాలో 1985లో తొలిసారి ఎగిరిన మర్ఫీ రెనగేడ్ ఈ కోవకు చెందినది.

మూడో మార్గాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. వీజే-22కు కావలసిన రెక్కలను అమెరికాలో పాత ఏరోంకా విమానాల నుంచి తీసి వాడుకునేవారు. ఆ దేశంలో అది చవకైన మార్గం. మనకు అలాంటి రెక్కలు దొరికే అవకాశం లేదు. హల్‌ను మంచి మెరైన్ ప్లైవుడ్‌తో కట్టుకోవచ్చు, చెన్నైలో పడవలకు వాడే నాణ్యమైన ప్లై దొరుకుతుంది కూడా. అయితే నాలుగు నెలలు తడిలోనూ ఎనిమిది నెలలు ఎండలోనూ ఉండే చెక్క అతుకులను ఏటా విప్పి చూసే ఓపిక ఉన్నవారికే అది తగినది.

బైప్లేన్ హల్‌ను ఎందుకు ఇష్టపడతారు?

రెండు వరుసల రెక్కల వల్ల మొదటి లాభం, కావలసిన రెక్క వైశాల్యం తక్కువ పొడవులో ఇమడడం. సూపర్ పెట్రెల్ పై రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి తొమ్మిది మీటర్ల లోపే ఉంటుంది, కింది రెక్క ఇంకా చిన్నది. రేణిగుంట, గాజులమండ్యం వైపు అద్దెకు దొరికే రేకుల షెడ్లలో తలుపు వెడల్పు చూసుకుని బాధపడేవారికి ఇది చిన్న విషయం కాదు. కిట్ చెన్నై రేవుకు కంటెయినర్‌లో వస్తుందనుకుంటే, ఇరవై అడుగుల కంటెయినర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, ఒక్కో పక్క రెక్క అందులో సులువుగా పడుతుంది, చిక్కంతా హల్ పొడవుతోనే. ఆర్డరు ఇచ్చే ముందు హల్ పెట్టె కొలతలు రాయించుకోవాలి. దాన్నిబట్టి నలభై అడుగుల కంటెయినర్‌కు డబ్బు కట్టాలా వద్దా తేలుతుంది.

రెండో లాభం నీటి మీద తెలుస్తుంది. కింది రెక్క నీటి మట్టానికి దగ్గరగా ఉండి, దాని కొసల్లోని చిన్న ఫ్లోట్లు విమానం ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆపుతాయి. ఒంటి రెక్క విమానంలో ఆ పనికి పై రెక్క నుంచి కిందికి దిగే ప్రత్యేకమైన కాళ్లు, ఫ్లోట్లు కావాలి. నెమ్మదిగా నీటి మీద నడిపేటప్పుడు పక్కగాలి వీస్తే బైప్లేన్ కుదురుగా ఉంటుంది. కానీ ఇదే కింది రెక్క గట్టు దగ్గర శత్రువవుతుంది. మన చెరువు కట్టలకు లోపలి వైపు రాతి రివిట్‌మెంట్ (రాళ్ల పరుపు) ఉంటుంది. పక్కగా వచ్చి ఆగుదామంటే రెక్క అంచు రాళ్లకు తగులుతుంది. పడవ రేవులో మెట్ల పక్కన ఆపడమూ కుదరదు. కాబట్టి చక్రాలు దించి నేరుగా ఒడ్డెక్కే వాలు ఉండాలి, ఆ వాలు గరుకు నేలదై ఉండాలి. నల్లరేగడి ఒండ్రులో ముందుచక్రం కూరుకుపోతే ఇద్దరు మనుషులు మోకాళ్ల లోతు బురదలో దిగి నెట్టాల్సి వస్తుంది.

నష్టాలు కూడా స్పష్టంగా చెప్పాలి. ఒకదాని మీద ఒకటి ఉన్న రెక్కలు ఒకదాని గాలిని మరొకటి చెడగొట్టుకుంటాయి; పైగా రెక్కలను కలిపే స్ట్రట్లు (ఊతకడ్డీలు) గాలిని అడ్డుకుంటాయి. అందువల్ల ఇంజన్ ఆగితే అదే బరువున్న ఒంటి రెక్క విమానం కన్నా ఎక్కువ నిటారుగా కిందికి దిగుతుంది, చేరుకోగల దూరం తగ్గుతుంది. శేషాచలం అడవి అంచున ఎగిరేవారు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంజన్ రెక్క పైన, వెనక్కి తోసే ప్రొపెల్లర్‌తో ఉండే అమరిక పెట్రెల్‌లోనూ సీరేలోనూ ఉంది. నీటి తుంపర ప్రొపెల్లర్‌కు వీలైనంత తక్కువగా తగలాలన్నదే దాని ఉద్దేశం. ఈ అమరిక పైలట్ చేతికి కొత్త అలవాటు నేర్పుతుంది. తోపు శక్తి విమానపు బరువు కేంద్రానికి పైనుంచి పనిచేస్తుంది కనుక థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచే, తగ్గించే మీట) తెరిస్తే ముక్కు కిందికి వంగుతుంది, మూస్తే పైకి లేస్తుంది. మామూలు శిక్షణ విమానంలో నేర్చుకున్నవారి చెయ్యి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా కదులుతుంది. ఎంత అనుభవం ఉన్న పైలటైనా ఈ రకం విమానంలో తోడుగా కూర్చుని నేర్పేవారు లేకుండా మొదటిసారి ఎగరకూడదని నా గట్టి అభిప్రాయం. ఫ్లోట్ల రెనగేడ్‌లో ఇంజన్ ముక్కున ఉంటుంది కనుక ఈ తేడా అంతగా ఉండదు. కొత్తవారికి అది నిజమైన సౌలభ్యం.

ఎండ, ఇంజన్, పెట్రోలు

రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 107 మీటర్ల ఎత్తులోనే ఉంది. కానీ మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి, విమానానికి అది సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది. టర్బోచార్జర్ లేని 100 హార్స్‌పవర్ ఇంజన్ అప్పుడు తొంభై మాత్రమే ఇస్తుంది. నేల మీద దీని ఫలితం పరుగు కొంత పెరగడమే. నీటి మీద అలా కాదు. హల్ నీటిని తోసుకుంటూ వెళ్లే దశ నుంచి నీటిపై జారే దశకు ఎక్కేటప్పుడు మధ్యలో నీటి అడ్డు ఒక్కసారిగా శిఖరానికి చేరుతుంది. శక్తి చాలకపోతే విమానం ఆ శిఖరం దాటలేక, ముక్కెత్తుకుని తుంపర చల్లుకుంటూ చెరువు ఆ చివరి దాకా పోతుంది తప్ప లేవదు. గాలి లేని తెల్లవారుజామున అద్దంలాంటి నీటి మీద ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే రెండు తడి పలకలు అతుక్కున్నట్టు హల్ అడుగు నీటికి అతుక్కుంటుంది. చిన్న అలలుంటేనే ఆ పట్టు సడలుతుంది.

అందుకే 64 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల రోటాక్స్ 582తో ఇద్దరిని ఎక్కించి మన వేడిలో నీటి నుంచి లేద్దామనే ఆలోచనను నేను సమర్థించను. ఆ ఇంజన్ తేలికైనది, సరళమైనది, ఒక సీటు విమానానికి చక్కగా సరిపోతుంది. కానీ 300 గంటలకే ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేసే) గడువు వస్తుంది; 100 హార్స్‌పవర్ 912 యూఎల్‌ఎస్‌కు అది 2,000 గంటలు. కొనేటప్పుడు ఖరీదులో కనిపించే తేడా వాడకంలో చాలా వరకు పూడిపోతుంది.

పెట్రోలు విషయం ఇక్కడి కట్టుబడిదారులు చాలామంది ఆలోచించనిది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైపోయింది. రోటాక్స్ 912 శ్రేణికి తయారీదారు అనుమతించే ఇథనాల్ పది శాతం దాకానే. బంకులో ఆక్టేన్ అంకె చూసి సరిపోతుందనుకుంటే పొరపాటు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు గొట్టాలనూ, రెసిన్‌తో చేసిన ట్యాంకు లోపలి పూతనూ మెత్తబరుస్తుంది. నీటి పక్కన రాత్రంతా నిలబెట్టే విమానంలో తేమ తగ్గే మాటే లేదు. ఏవ్‌గ్యాస్ (విమానాల కోసం చేసే పెట్రోలు) వాడవచ్చు, ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దేశంలోనే తయారు చేస్తోంది. అయితే అందులోని సీసం వల్ల ఆయిల్ మార్పులు తరచుగా చేయాలి, సరఫరా కూడా ముందే మాట్లాడుకోవాలి. కిట్ ఎంచుకునేటప్పుడు ట్యాంకు దేనితో చేశారో అడగండి. అల్యూమినియం ట్యాంకు ఉన్నదానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

షెడ్డులో పని

పెట్రెల్, సీరే రెండింటిలోనూ రెక్కలకు గుడ్డ కప్పుతారు, హల్ కాంపోజిట్‌ది. రెనగేడ్ దాదాపుగా అల్యూమినియం గొట్టాలు, రివెట్లు, గుడ్డ. మన వాతావరణంలో ఈ తేడా మిగతావాటికన్నా ఎక్కువ ప్రభావం చూపుతుంది. రివెట్ పని ఏ కాలంలోనైనా చేయవచ్చు, తప్పయితే డ్రిల్లుతో తీసి మళ్లీ కొట్టవచ్చు, చేసిన పనిని ఎవరైనా కళ్లతో చూసి తనిఖీ చేయవచ్చు. కాంపోజిట్ పనిలో వాడే ఎపాక్సీ రెసిన్ అలా ఒప్పుకోదు. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డులో అరకిలో రెసిన్‌లో హార్డెనర్ కలిపి లోతైన డబ్బాలో ఉంచితే, గ్లాస్ గుడ్డ పరిచేలోపే డబ్బా చేతికి కాలేంత వేడెక్కి, అంచుల నుంచి పొగ లేచి, జిగురు కాస్తా గోధుమ రంగు గడ్డగా మారుతుంది. దానికి విరుగుడు తెలిసినదే: నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ తెప్పించుకోవడం, కొద్దికొద్దిగా కలిపి వెడల్పైన పళ్లెంలో పలచగా పోసుకోవడం, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించడం. వర్షాకాలపు తేమలో పైన జిడ్డు పొర పేరుకుంటే, తర్వాతి పొర వేసేముందు నీళ్లతో కడిగి గరుకు కాగితంతో రుద్దాలి.

గది వేడిలోనే గట్టిపడిన ఎపాక్సీ అరవై డెబ్బై డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ముదురు రంగు వేసిన హల్‌ను మన ఎండలో ఉంచితే పై పొర ఆ వేడిని సులువుగా దాటుతుంది. అందుకే తెలుపు తప్ప వేరే రంగు వేయవద్దు, పేర్లూ చారలూ కూడా తక్కువగా, లేత రంగుల్లో ఉంచండి. గుడ్డకు ఈ ఎండ వేరే విధంగా శత్రువు. పాలియెస్టర్ గుడ్డను ఇస్త్రీపెట్టెతో ముందు 121 డిగ్రీల వద్ద, చివరికి 177 డిగ్రీల వద్ద బిగిస్తారు. ఇస్త్రీపెట్టె మీది గుర్తులను నమ్మకుండా థర్మామీటరుతో సరిచూసుకోవాలి. ఆ తర్వాత వేసే వెండి రంగు పూత అల్ట్రావయొలెట్‌ను ఆపుతుంది, దాన్ని పలచన చేసి బరువు తగ్గించుకోవాలన్న ఆశకు లొంగకూడదు. బరువు తగ్గించవలసిన చోటు హల్ మీద నునుపు కోసం పూసే ఫిల్లర్. కట్టేవారి తృప్తి కోసం పెరిగే ప్రతి కిలో నీటి మీద పరుగును పొడిగిస్తుంది.

ఫ్లోట్ల లెక్క

ఫ్లోట్లు కొనేవారు నమ్ముకోదగిన పాత నియమం ఒకటుంది: రెండు ఫ్లోట్లూ కలిసి విమానపు గరిష్ఠ బరువుకు 180 శాతం మోయగలగాలి, ఒక్కో ఫ్లోటులో కనీసం నాలుగు నీరు చొరని గదులుండాలి. 600 కిలోల విమానానికి అంటే రెండూ కలిపి 1,080 లీటర్లు, ఒక్కోటి 540. చక్రాలు, వాటిని ఎత్తే పంపు, గొట్టాలు కలిసిన ఉభయచర ఫ్లోట్లు ఒక ప్రయాణికుడి బరువును తినేస్తాయి. రెండు సీట్ల విమానం నీటి మీద ఒంటి సీటు విమానంగా మారిపోతుంది. మెచ్చుకోదగిన విషయం మాత్రం ఫ్లోట్లు విప్పదగినవి కావడం. నవంబర్‌లో బిగించి మార్చిలో విప్పేస్తే మిగతా కాలం తేలికైన నేల బైప్లేన్ మీ చేతిలో ఉంటుంది. ప్రతి మార్పుకూ విమానాన్ని మళ్లీ తూచి, బరువు కేంద్రం లెక్క కొత్తగా రాయాలి.

ఏ రకమైనా చక్రాలతో ఒక ప్రమాదం ఉంది. చక్రాలు దించి ఉండగా నీటి మీద దిగితే విమానం ముక్కు మీదుగా పల్టీ కొడుతుంది. ఉభయచర విమానాల్లో ప్రాణాలు తీసిన ప్రమాదాలకు ఇది పేరుమోసిన కారణం. కూర్చున్న చోటి నుంచి చక్రాలు కళ్లకు కనిపించే రూపాన్నే ఎంచుకోండి, లేదా అద్దం బిగించుకోండి. దిగే ముందు ‘నీటి మీద దిగుతున్నాను, చక్రాలు పైన ఉన్నాయి’ అని పైకి అనడం అలవాటు చేసుకోండి.

నీళ్లూ అనుమతులూ

2024 నవంబర్ 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలం దాకా ట్విన్ ఆటర్ సీప్లేన్ ప్రదర్శనగా ఎగిరిన తర్వాత మన వైపు కూడా ఆసక్తి పెరిగింది, అది సంతోషమే. అయితే ప్రభుత్వమే ఏర్పాటు చేసిన ఆ ప్రదర్శన ఔత్సాహికుల సొంత విమానానికి ఏ జలాశయమూ తెరవలేదు. అమెరికాలో పార్ట్ 103 అనే నియమం కింద ఖాళీ బరువు 115 కిలోల లోపున్న ఒక సీటు విమానానికి లైసెన్సు అక్కర్లేదు, ఫ్లోట్ల బరువుకు మినహాయింపు కూడా ఉంది. అలాంటి విమానాల ప్రకటనలు చదివి మనకూ అంతే అనుకోకూడదు. ఇక్కడ నమోదు, ఎగిరే అనుమతి, పైలట్ లైసెన్సు అన్నీ డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) చేతిలో ఉంటాయి. కిట్‌కు డబ్బు కట్టేముందే ఆ విమానం ఏ తరగతి కిందికి వస్తుందో అక్కడి నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.

నీటి విషయంలో కొన్ని చోట్లను ముందే వదిలేయాలి. పులికాట్ విశాలమైనదే కానీ పక్కనే శ్రీహరికోట షార్ (రాకెట్ ప్రయోగ కేంద్రం) ఉంది. పైగా నీళ్లు నిండుగా ఉండే చలికాలమే ఫ్లెమింగోలు వచ్చే కాలం. కల్యాణి డ్యాం తిరుపతికి తాగునీరిచ్చేది, చుట్టూ శేషాచలం అడవి. అక్కడ అనుమతి అడగడమే సబబు కాదని నా అభిప్రాయం. తిరుమల కొండ మీదుగా ఎగరవద్దన్నది భక్తుల మనసుకు సంబంధించిన మాట, దాన్ని గౌరవించి దారి గీసుకోవడం మన బాధ్యత. మిగిలేవి సాగునీటి జలాశయాలు. వాటికి జలవనరుల శాఖ, కలెక్టరు కార్యాలయం రెండింటి ఒప్పుదలా కావాలి. పుట్టీల్లో వలలు వేసే జాలరులతో మాట్లాడుకోవడం ఆ రెండింటికీ తీసిపోని పని. అనుకున్న చెరువు నేలను మే నెలలో, నీరు లేనప్పుడు, ఈ చివరి నుంచి ఆ చివరికి కాలినడకన చూసి రండి. డిసెంబర్‌లో అర మీటరు నీటి కింద దాక్కునే తుమ్మ మోడు, రాతి గుండు అప్పుడే కనిపిస్తాయి. అడ్డులేని తిన్నని దారి ఒక కిలోమీటరైనా దొరకకపోతే ఆ చెరువును మరిచిపోవడమే మంచిది.

ఇక ఎంపిక. అనుమతి కాగితం చేతిలో ఉండి, ఏటా నాలుగు నెలలు నమ్మకంగా నీళ్లుండే చోటు దగ్గర షెడ్డు ఉండి, కాంపోజిట్ పని నేర్చుకోవడానికి సిద్ధపడినవారికి పెట్రెల్ తరహా హల్ బైప్లేన్ 100 హార్స్‌పవర్ ఇంజన్‌తో సరైనదని నేను చెబుతాను. సీరేను దానికన్నా వెనక పెట్టడానికి నా కారణం తోకచక్రం. పెట్రెల్‌లో ముందుచక్రం ఉంది, ఎనిమిది నెలలు నేల మీదే దిగే మనకు పక్కగాలిలో అది చేతి తప్పులను ఎక్కువ క్షమిస్తుంది. తోకచక్రం మీద ఇప్పటికే చెయ్యి తిరిగినవారు మాత్రం సీరేనే తీసుకోవచ్చు. దానికి వాడుకరులు ఎక్కువమంది, కట్టుబడిలో వచ్చే సందేహానికి జవాబు దొరకడం తేలిక. పైలట్ తల మీది దాని పారదర్శక కప్పు (కేనపీ) ఎగురుతున్నప్పుడు కూడా వెనక్కి జారుతుంది. మన ఉక్కపోతలో అది చిన్న సుఖం కాదు.

అనుమతి ఇంకా తేలని వారికి, అంటే ఇది చదివేవారిలో ఎక్కువమందికి, నా సలహా వేరు. రెనగేడ్ తరహా నేల బైప్లేన్‌ను ముందు కట్టండి. ఫ్యూజిలాజ్ (విమానపు మొండెం) తెరిచి ఉన్నప్పుడే ఫ్లోట్ల బిగింపులకు కావలసిన బలపు పట్టీలను నక్షా ప్రకారం వేసి ఉంచండి, తర్వాత గుడ్డ చించి వేయడం చాలా కష్టం. అల్యూమినియానికి లోపలి వైపు కూడా తుప్పు ఆపే ప్రైమర్ అప్పుడే పూయండి. నీళ్లు దొరికిన ఏడాది ఫ్లోట్లు వస్తాయి, దొరకకపోయినా చేతిలో ఎగిరే విమానం ఉంటుంది.

ఏ దారిలో వెళ్లినా మొత్తం కిట్‌కు ఒకేసారి ఆర్డరు ఇవ్వవద్దు. తోక భాగం విడిగా అమ్మితే ముందు దాన్నే తెప్పించుకోండి. చెన్నై రేవులో కస్టమ్స్ ఎంత పడుతుందో, పెట్టె తెరిస్తే ఏ భాగం వంగి వచ్చిందో, నక్షాలు మీకు అర్థమయ్యేలా ఉన్నాయో లేదో, ఆదివారాలు మీ షెడ్డులో ఎన్ని గంటలు నిజంగా దొరుకుతాయో ఆ ఒక్క పెట్టెతోనే తెలుస్తుంది. తోక పూర్తి చేసి, తూచి, కిట్ తయారీదారు ఇచ్చిన బరువుకన్నా ఎంత ఎక్కువ వచ్చిందో రాసుకున్నాకే హల్‌కో రెక్కలకో డబ్బు పంపండి.